పదహారో భాగం

ముందుగా ఒక హెచ్చరిక. ఈ టపాలో తొమ్మిది కొరియా ధారావాహికల ముగింపులను దాపరికం లేకుండా బయటపెట్టేస్తున్నాను. ముగింపుల గురించి మాట్లాడుతూ ముగింపులు చెప్పకుండా ఉండే విద్య నాకు చేతకాదు. వాటిలో ఏదైనా చూద్దామనుకుంటున్న మిత్రులు ఇక్కడే ఆగి, చూసి వచ్చాక తక్కినది చదువుకోవచ్చు. టపా ఎక్కడికీ పోదు.

2023 వేసవిలో మోకాలి శస్త్రచికిత్స తరువాత మా అమ్మ మూడు నెలలు మా ఇంట్లో ఉంది. పుస్తకం ఎంతసేపని చదువుతుంది? సాయంకాలాలు ఇద్దరం కలిసి కొరియా ధారావాహికలు చూడడం మొదలుపెట్టాము. ఆంగ్లంలో కింద పడే అక్షరాలు అంత వేగంగా చదవడం ఆమెకు కష్టం. అందుచేత ఒక్కొక్క మాటా నేను తెలుగులో చెబుతూ పోయేదాన్ని. అలా చెప్పవలసి రావడం వల్ల నాకొక మేలు జరిగింది. ఒంటరిగా చూసినప్పుడు జారిపోయే మాటలు, నోటితో పలికేసరికి, మనసులో నిలబడ్డాయి. ఏ పాత్ర ఏ మాట ఎప్పుడు ఇచ్చిందో, దాన్ని చివరికి నిలబెట్టుకుందో లేదో, ఇద్దరికీ బాగా గుర్తుండేది.

అలా చూసినవాటిలో 'రీబార్న్ రిచ్' ఒకటి. 2022లో జేటీబీసీ ప్రసారం చేసిన పదహారు భాగాల కథ. సున్యాంగ్ అనే పెద్ద వ్యాపార కుటుంబానికి ఊడిగం చేసే ఉద్యోగి ఒకడు, ఆ కుటుంబం చేతనే మోసపోయి, చంపబడి, 1987లో అదే ఇంటి చివరి మనవడిగా కళ్ళు తెరుస్తాడు. జరగబోయేదంతా అతనికి తెలుసు. 1997 ఆర్థిక సంక్షోభం తెలుసు, ఎవరు మునుగుతారో, ఎవరు తేలుతారో తెలుసు. ఆ ఎరుకతో ఆ ఇంటినే కొనేయాలని బయలుదేరుతాడు. అయితే కథకు ప్రాణం పగ కాదు. ఆ మనవడికీ, లీ సంగ్-మిన్ నటించిన కర్కోటకుడైన తాతగారికీ మధ్య మెల్లగా, ఇద్దరికీ ఇష్టం లేకుండానే పెరిగిన ప్రేమ. తాతగారు పోయిన భాగం చూసి అమ్మ ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

ఆఖరి భాగంలో ఆ మనవడు ప్రమాదంలో చనిపోతాడు. పాత ఉద్యోగి ఆసుపత్రి మంచం మీద మేల్కొంటాడు. అతను స్పృహ తప్పి వారం రోజులే అయిందట. పదిహేడేళ్ళ జీవితం ఆ వారంలో గడిచిందట. పోయిన ఆ మనవడి మరణంలో ఒకప్పుడు తనకూ తెలియకుండా పాలుందని గుర్తుచేసుకుని, అందరి ముందూ సాక్ష్యం చెబుతాడు. తాను గడిపినది కాలంలో ప్రయాణమూ కాదు, పరకాయ ప్రవేశమూ కాదు, పశ్చాత్తాపం అంటాడు.

నేను ఆ మాట తెలుగులో చెప్పి ఊరుకున్నాను. అమ్మ కాసేపు తెర వైపే చూసి, "అయితే ఇన్నాళ్ళూ ఆ అబ్బాయి పడుకునే ఉన్నాడటే?" అంది. ఔనన్నాను. "మరి ఆ ముసలాయన ఎవరితో మాట్లాడినట్టు?" అంది.

ఈ టపా అంతా ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కోవడమే.

కొరియా ధారావాహికల విషయంలో ముగింపుకు ఇంత పట్టింపు ఎందుకు అన్నది ముందు చెప్పాలి. మన తెలుగు టీవీ సీరియళ్ళకు ముగింపు అన్నది ఒక ప్రమాదం లాంటిది. వెయ్యి భాగాలు నడిచి, ఒకనాడు చూసేవారు తగ్గి, రెండు వారాల్లో అందరినీ కలిపేసి తెర దించుతారు. ఆ ముగింపు ఎవరికీ గుర్తుండదు, ఎవరూ దానికోసం చూడరు. అమెరికా ధారావాహికలు ఏడాదికొక విడతగా, ఆదరణ ఉన్నంతకాలం సాగి, లేనినాడు అర్ధాంతరంగా ఆగిపోతాయి. కొరియాలో రాత్రివేళ వచ్చే ధారావాహికలకు స్థిరపడిన కొలత వేరు. వారానికి రెండు భాగాలు, ఎనిమిది వారాలు, మొత్తం పదహారు. కొన్ని ఇరవై, ఈమధ్య కొన్ని పన్నెండు. చాలావాటిని మొదటినుంచి చివరిదాకా ఒక్క రచయిత గానీ, ఒక చిన్న జట్టు గానీ రాస్తారు. ఇంకొక విడత ఉండడం ఇటీవలిదాకా అరుదు. అంటే మొదటి భాగం చూసే ప్రేక్షకుడికి ఇది ఫలానా రోజున ముగుస్తుందని ముందే తెలుసు. ఇది నవల చేతిలోకి తీసుకోవడం లాంటిది. కుడిచేతి వైపు ఎన్ని పుటలు మిగిలాయో వేలికి తెలుస్తూనే ఉంటుంది. అటువంటి రూపంలో చివరి పుట మీద పడే బరువు మామూలుది కాదు.

ఈ బరువును కొలవడానికి కొరియావాళ్ళకు సొంత మాటలున్నాయి. గొప్పగా మొదలై చప్పగా ముగిసే కథను 'యంగ్‌దుసామి' అంటారు. నాలుగు చీనా అక్షరాల పాత నానుడి అది. తల డ్రాగనుది, తోక పాముది అని అర్థం. కథలో అన్యాయం మీద అన్యాయం జరుగుతూ గొంతుకు అడ్డుపడుతుంటే 'గోగుమా' అంటారు, అంటే చిలగడదుంప. నీళ్ళు లేకుండా ఉడికించిన దుంప తింటే ఎలా ఉంటుందో అలాగన్నమాట. ఆ అన్యాయానికి తగిన శాస్తి జరిగినప్పుడు 'సైదా' అంటారు. అది అక్కడి సోడా లాంటి పానీయం పేరు. హద్దులు మీరిన మలుపులతో నడిచే కథను 'మక్‌జాంగ్' అంటారు, గనిలో ఇక తవ్వడానికి దారిలేని చిట్టచివరి చోటు. కథ అయిపోయాక మనసులో మిగిలే మోతను 'యోఉన్' అంటారు. ఒక జాతి ప్రేక్షకులు కథలను ఎంత శ్రద్ధగా చూస్తారో వాళ్ళు పుట్టించుకున్న మాటలే చెబుతాయి.

ఇక అసలు సంగతి. సుఖాంతమైతే తృప్తి, విషాదాంతమైతే అసంతృప్తి అన్న సులువైన లెక్క ఒకటి ఉంది. కొరియా ప్రేక్షకుల ఆగ్రహాలను వరసగా చూస్తే ఆ లెక్క నిలవదు.

2004లో ఎస్‌బీఎస్‌లో వచ్చిన 'లవర్స్ ఇన్ పారిస్' సంగతి తీసుకోండి. ప్రధాన రచయిత్రి కిమ్ ఉన్-సుక్. పారిస్‌లో చదువుకుంటూ ఇంటిపనికి కుదిరిన పేదపిల్ల, కార్ల కంపెనీ యజమాని కొడుకు. దేశంలో సగం టీవీలు ఆ కథకే అతుక్కుపోయాయి, వీక్షణ శాతం యాభై దాటింది. ముగింపు సుఖాంతమే. కానీ అంతకుముందు ఒక మెలిక పెట్టారు. మనం ఇరవై భాగాలు చూసినదంతా, ఒక ఇంట్లో పనిచేసే అమ్మాయి రాసుకుంటున్న చిత్రకథ అని తేలుతుంది. ఆపైన ఆ అమ్మాయికి కూడా అటువంటి మనిషే ఎదురుపడతాడు. కొరియా భగ్గుమంది. ఇరవై ఏళ్ళు దాటినా చెడ్డ ముగింపులకు ఉదాహరణగా ఇప్పటికీ ఆ పేరే ముందు చెబుతారు.

విచిత్రమేమంటే, మేధావులకు నచ్చవలసిన ముగింపు అది. కలిగినవాడు లేనిదాన్ని పెళ్ళాడే కథలు, పేద అమ్మాయిలు కనే కలలే గదా అని రచన తనను తానే వెక్కిరించుకోవడం అందులో ఉంది. ఆలోచన చెడ్డది కాదు. కానీ ఆ ఆలోచనకు బీజం మొదటి పంతొమ్మిది భాగాల్లో ఎక్కడా కళ్ళబడేలా లేదు. ప్రేక్షకుడితో కుదుర్చుకున్న ఒప్పందం వేరు, చివర చేతిలో పెట్టిన పత్రం వేరు.

'రీబార్న్ రిచ్' చేసినదీ అదే, పద్దెనిమిదేళ్ళ తరువాత. దానికి మూలం సాన్‌గ్యంగ్ అనే కలంపేరుగల రచయిత రాసిన జాల నవల. నవలలో ఆ ఉద్యోగి పాత శరీరంలోకి తిరిగి రాడు. మనవడిగానే బతికి కంపెనీకి అధిపతి అవుతాడు. ధారావాహిక రాసినవారు దాన్ని ఎందుకు మార్చారో ఊహించగలను. డబ్బున్నవాళ్ళను ఓడించడానికి డబ్బున్నవాడిగా పుట్టడం ఒక్కటే మార్గమా అన్న సంకోచం ఉండి ఉంటుంది. అది గౌరవించవలసిన సంకోచమే. మామూలు ఉద్యోగి తన సొంత పేరుతో, సొంత ముఖంతో గెలవాలన్న కోరికలో తప్పేముంది? ఆఖరి భాగం వీక్షణ శాతం ఇరవై ఆరు దాటింది. అంటే అందరూ చూశారు. చూసి, అందరూ తిట్టారు.

ఎందుకంటే అమ్మ అడిగిన ప్రశ్న ఉండనే ఉంది. ఆ తాతగారు ఎవరితో మాట్లాడినట్టు? మనం పదమూడు, పద్నాలుగు వారాంతపు రాత్రుల్లో చూసిన ప్రేమకు ఇప్పుడు సొంతదారు ఎవరు? ఆ మనవడు నిజంగానే ఒకడున్నాడు, నిజంగానే పోయాడు. కానీ మనకు తెలిసిన మనిషి అతను కాదు. మనకు తెలిసినవాడికి ఆ తాతతో ఏ బంధమూ లేదు. రచయిత కథానాయకుడికి న్యాయం చేయబోయి, కథలో బతికిన ఒక సంబంధాన్ని రద్దు చేశాడు. సంతోషం పోయిందని కాదు ప్రేక్షకుడి ఏడుపు, తన జ్ఞాపకం పోయిందని. మనిషి పోతే దుఃఖిస్తాము. అసలు ఆ మనిషి లేనేలేడు అంటే ఏం చేయాలో తోచదు.

ఇక సుఖాంతం కూడా ఎలా చేదెక్కుతుందో చూడాలంటే 'స్కై కాజిల్' ఉంది. 2018 నవంబరులో మొదలై 2019 ఫిబ్రవరి 1న ముగిసింది. స్కై అన్న మూడు ఆంగ్లాక్షరాలు సియోల్ నేషనల్, కొరియా, యోన్సే విశ్వవిద్యాలయాల తొలి అక్షరాలు. పిల్లలను అక్కడ చేర్చడానికి తల్లిదండ్రులు ఎంతకు తెగిస్తారన్నది కథ. సీట్ల కోసం పిల్లలను కళాశాలల పేరిట గదుల్లో బంధించే ఇళ్ళు మనకూ కొత్త కాదు కనుక, ఆ కథ చూస్తున్నంతసేపూ నాకు విజయవాడ, హైదరాబాదుల హాస్టళ్ళు గుర్తొస్తూనే ఉన్నాయి. పంతొమ్మిది భాగాలు కత్తిలా నడిచింది. ఒక పిల్ల ప్రాణం పోయింది, ఒక అమాయకుడు జైలుకు వెళ్ళాడు. ఇరవయ్యో భాగంలో మాత్రం అందరూ మంచివాళ్ళైపోయారు. మూర్ఖపు తండ్రులు మారిపోయారు, విడిపోయిన భార్యాభర్తలు కలిసిపోయారు, ఇళ్ళన్నీ నవ్వులతో నిండాయి. విద్యాశాఖ వారి ప్రబోధ చిత్రం చూసినట్టుందని అక్కడివాళ్ళే ఎద్దేవా చేశారు.

అందులో నన్ను బాధించినది నవ్వులు కాదు. చచ్చిపోయిన పిల్ల ఆ నవ్వుల మధ్య ఎక్కడా లేదు. అంతమంది కలిసి అంత పెద్ద తప్పు చేసినప్పుడు, దాని వెల ఎవరో ఒకరు, కథ ముగిశాక కూడా, మోస్తూ ఉండాలి. మారడానికి కాలం పడుతుంది. ఒక గంటలో మారితే అది మార్పు కాదు, ప్రసార సమయం అయిపోవడం.

ఇప్పుడు రెండో వైపు. అతి ఘోరమైన విషాదాంతాలను కొరియా ప్రేక్షకులు నెత్తిన పెట్టుకున్నారు. 2004 తొలి నెలల్లో వచ్చిన 'వాట్ హాపెన్డ్ ఇన్ బాలి' చివర, ప్రేమించిన అమ్మాయినీ ఆమెతో ఉన్నవాడినీ కాల్చి, కథానాయకుడు తననూ కాల్చుకుంటాడు. అంతకన్నా చీకటి ముగింపు ఊహించడం కష్టం. అయినా దాన్ని మోసమని ఎక్కువమంది అనలేదు. దిగ్భ్రాంతి చెందారు, ఏడ్చారు, గుర్తుపెట్టుకున్నారు. మొదటి భాగం నుంచే ఆ కుర్రాడిలో తండ్రి దెబ్బలు తిన్న పిరికితనమూ, తనదనుకున్నది వదల్లేని పసితనమూ కనబడుతూనే ఉన్నాయి. డబ్బు ముగ్గురి మధ్యా కూర్చుని ఎవరినీ ఎవరినీ నమ్మనివ్వలేదు. బాలిలో మొదలైన కథ బాలిలోనే ముగిసింది. అంతా మొదట వేసిన విత్తనమే.

నాట్యశాస్త్రం కథాగమనాన్ని ఐదు సంధులుగా విభజించింది. ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శ, నిర్వహణం. మొదట నాటిన బీజం అక్కడక్కడ చెదరి, దాగి, మళ్ళీ కనబడి, చివరి సంధిలో ఒక్కచోటికి చేరాలి అన్నారు. మన సంస్కృత నాటకాలు దాదాపుగా మంగళాంతాలు కనుక, నిర్వహణమంటే శుభం కార్డు అని పొరబడే అలవాటు మనకుంది. ఆ సూత్రం అసలు సారం మంగళం కాదు, చెదిరినవి ఒకచోటికి చేరడం. ఆ కొలతతో చూస్తే 'బాలి' కథకు నిర్వహణం ఉంది, 'స్కై కాజిల్'కు లేదు.

ఇక్కడ ఒక చిక్కు కేసు. 2010 మార్చి 19న ముగిసిన 'హై కిక్ త్రూ ది రూఫ్' హాస్య ధారావాహిక. నూట ఇరవై ఆరు భాగాలు, దర్శకుడు కిమ్ బ్యంగ్-ఉక్. అప్పులపాలైన తండ్రికి దూరమై, చెల్లెల్ని వెంటబెట్టుకుని సియోల్‌లో ఒక ఇంట పనికి కుదిరిన సె-క్యంగ్ అనే అమ్మాయి, ఆ ఇంటి డాక్టరును మనసులోనే ప్రేమిస్తుంది. ఆఖరి రోజున వర్షంలో అతను ఆమెను విమానాశ్రయానికి కారులో తీసుకెళుతుంటే, మొదటిసారి నోరు విప్పి చెబుతుంది, కాలం ఇక్కడే ఆగిపోతే బాగుండునంటుంది. బొమ్మ నలుపు తెలుపుల్లోకి మారి ఆగిపోతుంది. ఆ ప్రయాణంలో ఇద్దరూ పోయారని, మూడేళ్ళ తరువాతి మాటల వల్ల అప్పటికే మనకు తెలిసి ఉంటుంది.

ఆరు నెలల పాటు రోజూ రాత్రి నవ్వుకోవడానికి కూర్చున్న కుటుంబాలకు అది చెంపదెబ్బే. వాళ్ళ కోపం నాకు అర్థమవుతుంది. కానీ నేను దాన్ని పూర్తిగా తప్పుపట్టలేను. నవ్వుల మధ్య ఆ పిల్ల ముఖం ఏనాడూ నవ్వలేదు. అందరి ఇళ్ళల్లో ఆనందం పంచే కథలో, ఆ ఆనందం తోమే గిన్నెల పక్కన నిలబడి ఒక మనిషి ఉందని దర్శకుడు మొదటినుంచీ చూపిస్తూనే ఉన్నాడు. మనమే చూడలేదు. బీజం ఉంది. అయితే నూట ఇరవై ఐదు రాత్రులు ఇచ్చిన ఓదార్పును ఒక్క రాత్రిలో తిరిగి లాక్కోవచ్చునా అన్న ప్రశ్నకు నా దగ్గర నికరమైన సమాధానం లేదు. అమ్మ మాత్రం, "పనిపిల్లకు కోరిక తీరడానికి చావే దొరికిందా వాళ్ళకు?" అంది. అది కూడా న్యాయమైన మాటే.

మా ఇద్దరికీ అసలైన తగువు 'ట్వెంటీ ఫైవ్ ట్వెంటీ వన్' మీద వచ్చింది. 2022 ఏప్రిల్ 3న ముగిసిన కథ. 1998, ఆర్థిక సంక్షోభం ఇళ్ళను కూల్చేసిన కాలం. కత్తియుద్ధం నేర్చుకునే బడిపిల్ల నా హీ-దో, తండ్రి వ్యాపారం మునిగి వీథిన పడ్డ కుర్రాడు బేక్ యి-జిన్. ఈ కథను ఇప్పటి కాలంలో హీ-దో కూతురు తల్లి పాత డైరీలో చదువుతూ ఉంటుంది. ఆ కూతురి ఇంటిపేరు కిమ్. బేక్ కాదు. అంటే ఈ ఇద్దరూ కలవరన్న సంగతి ప్రేక్షకుల కళ్ళముందే పెట్టారు. అయినా ఎవరూ నమ్మలేదు. ఏదో చిక్కుముడి ఉంటుంది, పెంపకమో, మారుపేరో అయి ఉంటుందని వారం వారం ఊహాగానాలు చేశారు. చివరికి వాళ్ళు విడిపోయారు. పగ వల్ల కాదు, చావు వల్ల కాదు. అతను విలేఖరి అయి, 2001 సెప్టెంబరు దాడుల వార్తలు చెప్పడానికి న్యూయార్క్ వెళ్ళాడు, అక్కడి దుఃఖంలో మునిగిపోయాడు. ఆమె ఇక్కడ ఎదురుచూసి, ఎదురుచూసి అలసిపోయింది.

చూసిన రోజున నేను మండిపడ్డాను. పదిహేను భాగాలు ఒకరికొకరు ఊపిరిలా ఉన్నవాళ్ళు, దూరం వల్ల, పని వల్ల విడిపోవడమేమిటి, అన్నాను. అమ్మ నాకన్నా శాంతంగా ఉంది. "అలాగే విడిపోతారు" అంది. అంతే. వివరించలేదు, నేనూ అడగలేదు. మా నాన్న ఉద్యోగరీత్యా పదకొండేళ్ళు వేరే ఊళ్ళలో ఉన్నాడు. నెలకొకసారి వచ్చేవాడు. వాళ్ళు విడిపోలేదు, కానీ ఆ పదకొండేళ్ళలో ఏమేం జారిపోయాయో ఆమెకు తెలుసు.

ఇప్పుడు నా అభిప్రాయం మారింది. పూర్తిగా కాదు. చివరి రెండు భాగాల్లో తొందర ఉంది. ఆ దూరం పెరగడం మనకు చూపించకుండా చెప్పేశారు. ఆ మేరకు ప్రేక్షకుల ఫిర్యాదు సబబే. కానీ ముగింపు అబద్ధం కాదు. ఆ వేసవి వాళ్ళకు జరిగింది, అది వాళ్ళను బతికించింది, ఆ తరువాత వాళ్ళు వేరే మనుషులయ్యారు. 'రీబార్న్ రిచ్' లాగా ఇది గడిచినదాన్ని చెరిపేయలేదు. డైరీ అలాగే ఉంది, కూతురు చదువుకుంది.

ఇందుకు ఎదురుగా 'క్రాష్ లాండింగ్ ఆన్ యూ'ను పెట్టి చూడండి. రచన పార్క్ జి-ఉన్, ముగిసింది 2020 ఫిబ్రవరి 16న. గాలివాటున ఉత్తర కొరియాలో పడ్డ దక్షిణాది వ్యాపారవేత్త, అక్కడి సైనికాధికారి. ఈ ఇద్దరినీ కలిపి కాపురం పెట్టిస్తే హాయిగా ఉండేది, కానీ మధ్యలో ఉన్నది అత్తగారి అభ్యంతరం కాదు, 1953 నుంచి కదలని సరిహద్దు. దాన్ని ఒక కలంపోటుతో తీసేస్తే ఆ దేశంలో నిజంగా విడిపోయి ముసలివాళ్ళైన కుటుంబాల ముందు ఆ కథ తలెత్తుకోలేదు. విడదీసేస్తే ప్రేక్షకుడు తట్టుకోలేడు. రచయిత్రి మూడో దారి వెతికింది. ఏడాదికి రెండు వారాలు, ఇద్దరిదీ కాని స్విట్జర్లాండులో. తక్కిన యాభై వారాలు ఎదురుచూపు. దీన్ని పంచదార పూత అన్నవాళ్ళున్నారు. నాకు మాత్రం అది నిజాయితీగల బేరంలా తోచింది. ఎంత దొరుకుతుందో అంతే ఇచ్చింది, దొరకనిది దొరికినట్టు నటించలేదు.

ముగింపులు చెడడానికి కళతో సంబంధంలేని కారణాలూ ఉన్నాయని చెప్పకపోతే అన్యాయం. చాలాకాలం కొరియాలో ఒకవైపు ప్రసారం జరుగుతుండగానే మరొకవైపు చిత్రీకరణ సాగేది. ఆ పూట తీయవలసిన దృశ్యం ఆ పూటే విడి కాగితాల మీద రాసి పంపేవారు. వాటిని 'జోక్‌దేబోన్' అంటారు, చిట్టీల ప్రతి అనుకోవచ్చు. ఆదరణ బాగుంటే భాగాలు పెంచమనేవారు, కథ సాగదీయవలసి వచ్చేది. 2011లో 'సైన్' అనే ధారావాహిక ఆఖరి భాగం ప్రసారమవుతుంటే, నడుమ తెర మీద రంగుల చారలు పడ్డాయి, మాట వినబడలేదు. కూర్పు పూర్తి కాకుండానే గాలిలోకి వెళ్ళిన ఫలితం. నిద్రలేని మనుషులు నిద్రలేని మనుషులకు రాసి ఇచ్చిన ముగింపులవి. 2018లో పని గంటలను వారానికి యాభై రెండుకు కుదించిన చట్టం, ఆపైన ముందే మొత్తం తీసి ఇమ్మనే నెట్‌ఫ్లిక్స్ వంటి సంస్థలు వచ్చాక ఈ పద్ధతి చాలావరకు తగ్గింది. అయినా చెడ్డ ముగింపులు తగ్గలేదు. కనుక నింద అంతా చిట్టీల మీద వేయలేము.

కొందరు మిత్రులు అంటారు, రచయిత ప్రేక్షకుడి గుమాస్తా కాదు, అతనికి నచ్చినట్టు ముగించే హక్కు అతనికుంది అని. హక్కు ఉంది. నేను కాదనను. ప్రేక్షకులు కోరినవాడితోనే పెళ్ళి జరగాలని పట్టుబట్టడం కూడా నాకు హాస్యాస్పదమే. కానీ పదహారు గంటల పాటు ఒకరి కాలం అడిగి తీసుకున్న మనిషికి, ఆ కాలం వట్టిదని చివర ప్రకటించే హక్కు మాత్రం లేదంటాను. ముగింపు ఏదైనా కావచ్చు. అది గతాన్ని కొత్తగా చూపవచ్చు, బాధపెట్టవచ్చు, తలుపు తెరిచి వదిలేయవచ్చు. గతాన్ని లెక్కలోంచి తీసేయకూడదు.

తలుపు తెరిచి వదలడమంటే 'మై మిస్టర్' గుర్తొస్తుంది. 2018, రచన పార్క్ హే-యంగ్, దర్శకత్వం కిమ్ వన్-సక్. భవనాల బలం లెక్కగట్టే నడివయసు ఇంజనీరు, చెవిటి నాయనమ్మను మోస్తూ అప్పుల్లో కూరుకుపోయిన ఇరవై ఒక్కేళ్ళ పిల్ల. ఆ పిల్ల అతని ఫోనులో పరికరం పెట్టి అతని మాటలన్నీ వింటుంది. అతన్ని ముంచడానికి వినడం మొదలుపెట్టి, వినీ వినీ అతన్ని కాపాడుతుంది. వాళ్ళ బంధానికి ఏ పేరు పెట్టాలో పదహారు భాగాలూ ఎవరూ చెప్పరు. చివర, కొంతకాలం తరువాత, సియోల్‌లో ఒక కాఫీ దుకాణంలో అనుకోకుండా ఎదురవుతారు. ఆమె మంచి ఉద్యోగంలో ఉంది, నలుగురితో నవ్వుతూ ఉంది. చేతులు కలుపుతారు. అన్నం పెట్టిస్తానని ఆమె అంటుంది. ఎవరి దారిన వాళ్ళు వెళతారు. ఆ పిల్ల పేరు జి-ఆన్, ఆ అక్షరాలకు నెమ్మదిని చేరుకోవడం అని అర్థం. నెమ్మదిని చేరుకున్నావా అని అతను మనసులో అడుగుతాడు. ఆమె మనసులోనే ఔనంటుంది.

అందులో పెళ్ళి లేదు, చావు లేదు, శాస్తి లేదు. మొదటి భాగంలో ఆమెకు పెట్టిన పేరు పదహారో భాగంలో ఆమెదైంది. ఇంజనీరుగా నటించిన లీ సన్-క్యున్ 2023 డిసెంబరులో మరణించాక, ఆ దృశ్యం మళ్ళీ చూడడం నాకు కష్టమైంది. ఆ ప్రశ్న తిరిగి అతన్నే అడగాలనిపిస్తుంది.

ఆ వేసవిలో మేము ఆఖరున చూసినది 'రిప్లై 1988'. 2016 జనవరి 16న ముగిసినది. దోక్-సన్ ఎవరిని పెళ్ళాడిందన్న విషయమై కొరియా ప్రేక్షకులు రెండు శిబిరాలుగా చీలి కొట్టుకున్నారు. మౌని జుంగ్-హ్వాన్ కాక, చదరంగపు బల్ల లాంటి బదుక్ ముందు జీవితం గడిపిన తేక్‌ను ఇచ్చారు. నేను మొదటి శిబిరమే. ఈనాటికీ కాస్త అలక ఉంది. కానీ ఆ కథ చివరి పది నిమిషాలు పెళ్ళి గురించి కావు. సాంగ్‌మున్-దోంగ్‌లోని ఆ సందును కొత్త భవనాల కోసం ఖాళీ చేయించారు. దోక్-సన్ తిరిగి వెళితే ఇళ్ళన్నీ బోసిగా, గోడలు చెదిరి ఉన్నాయి. తేక్ గది తలుపు తీస్తే లోపల స్నేహితులంతా అప్పటి వయసులో కూర్చుని ఉంటారు, రమ్మని పిలుస్తారు.

మా పుట్టింటి వీథి రోడ్డు వెడల్పులో సగం పోయింది. మా అరుగు, ఎదురింటి వేపచెట్టు, పాలాయన సైకిలు ఆనించే స్తంభం ఇప్పుడు తారు కింద ఉన్నాయి. అమ్మ ఆ పది నిమిషాలూ మళ్ళీ వేయమంది. రెండోసారి నన్ను తెలుగు చెప్పవద్దంది.

ఆ ముసలాయన ఎవరితో మాట్లాడినట్టు అన్న ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఇంతే. మనతో మాట్లాడాడు. అందుకే ఆ మాటలను వెనక్కి తీసుకోవడానికి రచయితకు వీలులేదు.

మీరు ఇప్పటికీ క్షమించని ముగింపు ఏదైనా ఉంటే వ్యాఖ్యల్లో రాయండి. జుంగ్-హ్వాన్ శిబిరంవారికి ప్రత్యేక ఆహ్వానం. అమ్మ ఇప్పుడు ఊళ్ళోనే ఉంది, మోకాలు బాగుంది. వారానికొకసారి ఫోను చేసి, కొత్తవి ఏం చూస్తున్నావని అడుగుతుంది. చెబితే కథ వినదు. "చివర ఎలా ఉందో ముందు చెప్పు, బాగుంటేనే మొదలుపెడతాను" అంటుంది.